పికప్ వెనక ఎల్‌ఈడీ లైట్లు: మొదటిసారి పొగ వచ్చింది, రెండోసారి పని చేసింది

మా నాయన ఫోన్ టార్చ్‌ని చేత్తో పట్టుకోడు. పళ్ళతో పట్టుకుంటాడు. రెండు చేతులూ టమోటా బాక్సు మీద ఉంటాయి మరి.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నాయన ఒక బొలెరో పికప్ నడుపుతాడు. మా తోటలో కాయలు, చుట్టుపక్కల వాళ్ళ కాయలు మార్కెట్‌కి వేస్తాడు. మధ్యాహ్నం నుంచి కోతలు, పొద్దుగూకాక లోడింగ్, తెల్లవారక ముందే మార్కెట్. అంటే ఈ పనిలో చేతులు ఎక్కువగా కదిలేది చీకట్లోనే. ఒక్కో బాక్సు పాతిక కిలోలకు పైనే. ట్రిప్పుకు యాభై బాక్సుల దాకా. కిందటేడు వేసవిలో వెనక డోరు అంచు కనపడక నాయన కాలు జారి పడ్డాడు. మణికట్టుకు మూడు వారాలు కట్టు కట్టారు. కట్టు విప్పిన వారం మళ్ళీ అదే చీకట్లో, అదే పళ్ళ మధ్య ఫోన్.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఫోన్ డిస్‌ప్లే ఎన్ని నిట్స్ అని రోజూ వాదించుకునే బ్యాచ్‌లో ఒకడిని. ఇంట్లో మనిషి చీకట్లో పని చేస్తుంటే దానికి సొల్యూషన్ నా దగ్గర ఉండాలి కదా అనిపించింది. పికప్ వెనక ఎల్‌ఈడీ లైట్లు పెట్టేద్దాం అనుకున్నా. రెండు గంటల పని అనుకున్నా. నాలుగు నెలలు పట్టింది. ఈ ఆర్టికల్ సగం గైడ్, సగం పోస్ట్‌మార్టమ్.

మొదటి కిట్: 799 రూపాయల కాన్ఫిడెన్స్

యూట్యూబ్‌లో వెతికితే అన్నీ అమెరికా వీడియోలే. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పెద్ద ట్రక్కు, శుభ్రంగా కడిగిన బాడీ, పక్క గోడల పైఅంచు కింద స్టిక్కర్‌లా ఒక స్ట్రిప్ అతికిస్తారు, రెండు వైర్లు కలుపుతారు, స్విచ్ నొక్కుతారు. మెరిసిపోతుంది.

నేనూ ఆన్‌లైన్‌లో ఒక పేరూ ఊరూ లేని కిట్ తెప్పించా. పెట్టె మీద రాసింది ఇదీ:

- 5 మీటర్ల స్ట్రిప్, 5050 రకం, మీటరుకు 60 ఎల్‌ఈడీలు
- 12 వోల్టులు, మీటరుకు 14.4 వాట్లు
- 6500 కెల్విన్ తెలుపు
- ఐపీ65
- వెనక స్టిక్కర్, సన్న వైరు, చిన్న స్విచ్

కార్ బ్యాటరీ 12 వోల్టులు, స్ట్రిప్ 12 వోల్టులు. మ్యాచ్ అయిపోయింది అనుకున్నా. ఆదివారం పొద్దున బాడీలో రంధ్రం పెట్టి, వైరు దూర్చి, నేరుగా బ్యాటరీకి కలిపేశా. సాయంత్రం వేసి చూస్తే ఇల్లంతా వెలుగే. అమ్మ బయటికొచ్చి చూసింది. నాయన ఒక్క మాట అన్నాడు.

"ఏమిరా, పెండ్లి పందిలి మాదిరి ఉండాది."

దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నా. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టి బెంగళూరు బస్సెక్కేశా.

తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "లైట్లు ఎట్ల ఉన్నాయి నాయనా?" అని అడిగేవాణ్ణి. "బాగుండాయిరా" అనేవాడు. నెల తర్వాత ఊరికెళ్ళా. రాత్రి తోట దగ్గరికి నడుచుకుంటూ వెళ్తే బండి చీకట్లోనే ఉంది. నాయన పళ్ళ మధ్య ఫోన్ వెలుగుతోంది.

అసలు సంగతి అమ్మ చెప్పింది. నేను వెళ్ళిన పదోరోజు, సగం లోడ్ అయ్యాక కాలిన వాసన వచ్చిందట. ముందు బానెట్ దగ్గర పొగ. నాయన తువ్వాలు చేతికి చుట్టుకొని బ్యాటరీ నుంచి వైరు పీకేశాడు. వేళ్ళ మీద బొబ్బలు లేచాయి. నాకు చెప్పొద్దన్నాడు. "వాడు ఇష్టంగా పెట్టినాడు, ఎందుకులే" అన్నాడట.

ఆఫీసులో నా కోడ్ వల్ల సర్వర్ పడిపోతే పది మంది మెసేజ్ చేస్తారు. ఇక్కడ నా పని వల్ల బండి కాలబోయింది, ఒక్క కంప్లైంట్ కూడా రాలేదు. యూజర్ "బాగుంది" అన్నాడంటే బాగున్నట్టు కాదని నాకు ఆ రాత్రి అర్థమైంది.

పోస్ట్‌మార్టమ్: ఏది ముందు పాడైంది?

మర్నాడు పొద్దున వైరంతా విప్పి నేల మీద పరిచా. చూస్తే ఒక్క తప్పు కాదు, గొలుసుకట్టు తప్పులు. వేడికి స్టిక్కర్ వదిలేసింది. స్ట్రిప్ కిందికి వేలాడింది. ఏదో బాక్సు తగిలి వైరు లాగింది. నేను పెట్టిన రంధ్రం అంచు కత్తిలా ఉంది, దానికి రాసుకుని వైరు పైతొడుగు తెగింది. లోపలి రాగి బండి ఇనుముకు తగిలింది. అంటే షార్ట్. మధ్యలో ఫ్యూజ్ లేదు. సన్న వైరు ఆ కరెంటుకు ఎర్రగా కాలి, బానెట్ దాకా తొడుగు కరిగిపోయింది.

ఒక్కో తప్పునీ విడిగా చూద్దాం. మీరు బైక్‌కి పెట్టినా, ఆటోకి పెట్టినా, కారు లోపల యాంబియంట్ లైట్ పెట్టినా ఇవే తప్పులు.

తప్పు 1: బండిలో 12 వోల్టులు అనేది ఉండదు

ఇంజిన్ ఆపి ఉంటే మంచి బ్యాటరీ 12.5 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. ఇంజిన్ ఆన్ చేయగానే ఆల్టర్నేటర్ బ్యాటరీని ఛార్జ్ చేయాలి కాబట్టి 14 వోల్టులు దాటుతుంది. మా బండిలో మీటర్ పెడితే 14.2.

"రెండు వోల్టులే కదా" అనుకోకండి. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు వరసగా, వాటితో ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. మూడు ఎల్‌ఈడీలూ కలిసి సుమారు 9 వోల్టులు తీసుకుంటాయి. మిగిలింది రెసిస్టర్ మీద పడుతుంది. 12.5 దగ్గర మిగిలేది 3.5. 14.2 దగ్గర మిగిలేది 5.2. కరెంటును నిర్ణయించేది ఈ మిగిలిన వోల్టేజే. అంటే వోల్టేజ్ పెరిగింది 14 శాతమే అయినా కరెంటు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. రెసిస్టర్ వేడి రెట్టింపు దాటుతుంది.

పాత స్ట్రిప్‌లో బతికున్నదాన్ని మల్టీమీటర్‌తో కొలిచా. ఇంజిన్ ఆఫ్‌లో 4.6 ఆంపియర్లు, అంటే 57 వాట్లు. ఇంజిన్ ఆన్‌లో 6.7 ఆంపియర్లు, 95 వాట్లు. నాయన ఒక తోటలో కొన్ని బాక్సులు, ఇంకో తోటలో కొన్ని ఎక్కించుకుంటాడు. ఆ మధ్యలో లైట్లు ఆపడు. అంటే స్ట్రిప్ 95 వాట్ల దగ్గరే ఎక్కువసేపు ఉడికింది. పగలు ఎండకు కాగిన రేకు మీద అతికించిన స్టిక్కర్ ఇంకెంతకాలం నిలుస్తుంది?

తప్పు 2: ఫ్యూజ్ లేదు

నేను ఇన్నాళ్ళూ ఫ్యూజ్ లైటును కాపాడుతుంది అనుకున్నా. కాదు. ఫ్యూజ్ ఉండేది వైరు కోసం. బండి బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఇవ్వగలదు, స్టార్టర్ మోటార్‌ని తిప్పేది అదే కదా. ఆ కరెంటు మీ సన్న వైరులోంచి వెళ్తే వైరే హీటర్ కాయిల్. అందుకే ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో ఉన్న ఐదారు మీటర్ల వైరుకు రక్షణ లేనట్టే.

తప్పు 3: లైటు పెట్టిన చోటు

అమెరికా వీడియోల్లో ట్రక్కు వెనక నాలుగు టూల్‌బాక్సులు ఉంటాయి. అక్కడ పక్క గోడ అంచు కింద లైటు పెడితే సరిపోతుంది. మా బండిలో మొదటి వరస బాక్సులు పెట్టగానే ఆ లైటు మూసుకుపోయింది. వెలిగేది బాక్సుల వెనక, పని జరిగేది బాక్సుల ముందు. మూసుకుపోని భాగం ఎదురుగా నిల్చున్న మనిషి కళ్ళల్లోకి కొట్టేది. పెండ్లి పందిలి అన్న మాటకు అసలు అర్థం "కండ్లు చెదురుతా ఉండాయి" అని. నాకే అర్థం కాలేదు.

తప్పు 4: రంగు

ఇది నేను అస్సలు ఊహించనిది. నాయనను కూర్చోబెట్టి, కాలడం సంగతి పక్కన పెట్టి, ఆ పది రోజులు లైటు ఎలా ఉండేదో చెప్పమన్నా. మొదట చెప్పింది కండ్ల సంగతే. రెండోది ఇది:

"కాయ రంగు తెలీలేదురా. పండు కాయ, దోర కాయ ఒకటే మాదిరి కనపడినాయి. ఫోన్ లైటులోనూ అంతే గానీ, దాన్ని దగ్గరగా పెట్టి చూసుకుంటా."

మార్కెట్‌లో కాయ రంగును బట్టి, సైజును బట్టి గ్రేడ్. దూరం ఊరికి పోయే లోడుకు దోర కాయ కావాలి, దగ్గర్లో అమ్మేదానికి పండిన కాయ కావాలి. రెండూ ఒకే బాక్సులో కలిస్తే వేలంలో రేటు తగ్గుతుంది. అంటే లోడింగ్‌లో వెలుగు ఒక్కటే సరిపోదు, ఎరుపు ఎరుపుగా కనపడాలి.

ఇక్కడే సీఆర్ఐ అనే స్పెక్ పనికొస్తుంది. ఒక లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే స్కోరు అది, గరిష్ఠం 100. మామూలు తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. అందులో ముదురు ఎరుపు వెలుతురు తక్కువ. పైగా పెట్టెల మీద రాసే సీఆర్ఐ ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపుని కొలిచేది ఆర్9 అనే ఇంకో నంబరు, అది ఆ సగటులో కలవదు. అందుకే సీఆర్ఐ 80 అని రాసిన లైటు కింద కూడా టమోటా మట్టి రంగులో కనపడొచ్చు. మనం ఫోన్ కెమెరా కలర్ సైన్స్ గురించి పేజీలు పేజీలు రాస్తాం. కాయ రంగు మీద డబ్బులు వచ్చే మనిషికి లైటు కొనేటప్పుడు మాత్రం ల్యూమెన్లు చూసి ఊరుకున్నా.

రెండోసారి: కొన్నవి, వాటి ఖర్చు

ఈసారి నెల రోజులు చదివి, ఎస్పీ రోడ్‌లో రెండు శనివారాలు తిరిగి కొన్నా. వైరు, క్లాంపులు జేసీ రోడ్‌లో దొరికాయి.

- ఎల్‌ఈడీ స్ట్రిప్, 4000 కెల్విన్, సీఆర్ఐ 90 పైన, ఆర్9 విలువ రాసి ఉన్నది, మీటరుకు 10 వాట్లు, ఐపీ67: రూ. 1,400
- పాల రంగు మూత ఉన్న అల్యూమినియం ఛానల్, 1.5 మీటర్లవి రెండు: రూ. 600
- వోల్టేజ్ స్టెబిలైజర్ మాడ్యూల్, లోపలికి 9 నుంచి 20 వోల్టులు ఎంత వచ్చినా బయటికి 12 వోల్టులు, 5 ఆంపియర్లు, పూర్తిగా సీల్ చేసినది: రూ. 1,150
- 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, 15 మీటర్లు: రూ. 450
- బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్, 5 ఆంపియర్ల ఫ్యూజులు: రూ. 120
- లోపల లైటు వెలిగే రాకర్ స్విచ్, టైమర్ మాడ్యూల్: రూ. 430
- ముడతల పైపు, రబ్బరు గ్రోమెట్లు, క్లాంపులు, జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టాలు: రూ. 500

మొత్తం రూ. 4,650. మొదటి కిట్‌కి దాదాపు ఆరు రెట్లు. కానీ గమనించండి, లైటు ఖర్చు 1,400 మాత్రమే. మిగతాదంతా ఆ లైటు బతకడానికి, బండి కాలకుండా ఉండడానికి.

వాట్లు ఈసారి తగ్గాయి. 3 మీటర్లు, 30 వాట్లు అంతే. మొదటి దాంట్లో సగం. సరైన చోట పెడితే సగం చాలని తర్వాత తేలింది.

ఫిట్టింగ్: వరసగా

1. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. ప్లస్ ముందు విప్పితే, పానా పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే.

2. ప్లస్ దగ్గర జానెడు లోపల ఫ్యూజ్ హోల్డర్. 30 వాట్లకు స్టెబిలైజర్ నష్టం కలుపుకున్నా 2.7 ఆంపియర్లే, కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజ్. "ఊరికే పోతోంది" అని పెద్ద ఫ్యూజ్ వేయడం, సిల్వర్ పేపర్ చుట్టడం చేయకండి. ఊరికే పోతోందంటే అది మీకు ఏదో చెబుతోంది.

3. వైరును ముడతల పైపులో పెట్టి, కంపెనీ వైరింగ్ వెళ్ళే దారిలోనే ఛాసిస్ వెంబడి తీసుకెళ్ళా. సైలెన్సర్ పైపుకు దూరంగా, జానెడుకో టై. క్యాబిన్, వెనక బాడీ రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కదులుతాయి. అందుకే వాటి మధ్య వైరు బిగుతుగా లాగకుండా కొంచెం వదులు ఉంచా.

4. ప్రతి రంధ్రానికీ అంచు ఆకురాయితో రుద్ది, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూసి, రబ్బరు గ్రోమెట్ పెట్టా. పది రూపాయల వస్తువు. మొదటిసారి ఇది ఉండి ఉంటే పొగ వచ్చేది కాదేమో.

5. స్టెబిలైజర్‌ని బ్యాటరీ దగ్గర కాకుండా వెనక, లైట్ల దగ్గర పెట్టా. పోయి వచ్చే 14 మీటర్ల వైరులో దాదాపు అర వోల్టు పడిపోతుంది. ఆ పడిపోవడం స్టెబిలైజర్‌కి ముందే అయిపోతే లైటుకు ఎప్పుడూ నిఖార్సైన 12 వోల్టులే అందుతాయి.

6. మైనస్ కూడా వైరుతోనే బ్యాటరీ దాకా. పక్కనున్న బోల్టుకు ఎర్త్ కలిపేస్తే పని తేలికే, కానీ తోటల్లో తిరిగే బండికి ఆ బోల్టు తుప్పు పట్టాక లైట్లు మిణుకుమంటాయి.

7. లైట్లు పక్క గోడల మీద కాదు, పైన ఇనుప చట్రానికి. రెండు పక్కలా పైపు లోపలి వైపు, నేల చూసేలా, కొద్దిగా మధ్యకు వంచి క్లాంపులు వేశా. పట్ట కప్పి తాడు కట్టినా లైటుకు రాసుకోదు. బాక్సులు ఎంత ఎత్తు పేర్చినా పై వరస మీద, డోరు అంచు మీద వెలుతురు పడుతుంది. స్టిక్కర్‌ను నమ్మలేదు. అల్యూమినియం ఛానల్ వేడిని లాగేస్తుంది, పాల మూత కళ్ళకు చుక్కలు చుక్కలుగా కొట్టకుండా చేస్తుంది.

8. జాయింట్లన్నీ క్రింప్ చేసి, పైన జిగురు ఉన్న హీట్ ష్రింక్. ఇన్సులేషన్ టేప్ ఎండకు జారిపోతుంది.

ఫ్యూజ్ టెస్ట్

అంతా బిగించాక నాయన దూరంగా నిల్చున్నాడు. దగ్గరికి రాలేదు. "వేసి చూడు నాయనా" అంటే "నువ్వు వెయ్యిరా" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది.

లైట్లు ఇంకా కలపలేదు. ఖాళీ బండి, చుట్టూ ఎండుగడ్డి లేకుండా చూసుకొని, వెనక వైరు రెండు కొసలూ కావాలనే తగిలించా. చిన్న చిటుక్కు. అంతే. ముందుకెళ్ళి ఫ్యూజ్ పీకి చూపించా, లోపలి తీగ తెగిపోయి ఉంది. వైరు పట్టుకొమ్మన్నా. చల్లగా ఉంది.

"పోయినసారి ఇది లేదా?" అన్నాడు.

"లేదు నాయనా. నేనే పెట్టలేదు."

ఇంకేం అనలేదు. కొత్త ఫ్యూజ్ తనే గుచ్చాడు. నాలుగైదు ఎక్స్‌ట్రా ఫ్యూజులు ఒక అగ్గిపెట్టెలో వేసి డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నాడు.

(ఈ టెస్ట్ మీరు చేయనక్కర్లేదు. నాకు వేరే కారణం ఉంది.)

మూడు నెలల వాడకం తర్వాత

వెలుగు: ఫోన్ సెన్సార్‌తో లక్స్ కొలిచా. అది కచ్చితమైన మీటర్ కాదు, పోలికకే. బాడీ నేల మీద మూలమూలకీ 150 చుట్టుపక్కల, తేడా తక్కువ. ఫోన్ టార్చ్‌లా ఒకచోట కళ్ళు చెదిరే గుండ్రం, పక్కన చీకటి ఉండదు. డోరు అంచు స్పష్టంగా కనిపిస్తోంది. నాకు ముఖ్యమైంది అదే.

రంగు: నాయన ఒక బాక్సులోంచి మూడు కాయలు తీసి లైటు కింద పెట్టి, "ఇది రెండు రోజులు ఆగుతుంది, ఇది ఆగదు" అని చెప్పాడు. మర్నాడు పగలు చూశాం, అదే తేడా. స్పెక్ షీట్‌లో 90 అని చదవడం కన్నా ఇది నాకు పెద్ద రివ్యూ.

పురుగులు: 6500 కెల్విన్ లైటుకు తోటలోని పురుగులన్నీ వచ్చి మొహం మీద వాలేవట. నీలం ఎక్కువున్న వెలుతురుకు పురుగులు ఎక్కువగా వస్తాయి. 4000 దగ్గర తగ్గాయి, పూర్తిగా పోలేదు.

నీళ్ళు: రెండు వానలు తట్టుకుంది. కానీ ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని, అంతవరకే. ప్రెజర్ వాష్ గన్‌కి అది హామీ కాదు. జెట్ తట్టుకునే పరీక్షలు వేరే, 7 పాసైతే 6 కూడా పాసైనట్టు కాదు. వాటర్ సర్వీస్ కుర్రాడికి "అన్నా, పైన లైట్ల మీద గన్ పెట్టొద్దు" అని చెప్పాల్సిందే.

బ్యాటరీ: గంట లోడింగ్‌కి 2.7 ఆంప్-అవర్లు, అది లెక్కలోకి రాదు. కానీ రాత్రంతా ఆపడం మర్చిపోతే పది గంటల్లో 27. బ్యాటరీ 60 ఆంప్-అవర్లదైతే దాదాపు సగం. తెల్లారి మార్కెట్‌కి పోవాల్సిన బండి స్టార్ట్ అవ్వకపోతే ఈ లైట్ల వల్ల లాభం ఏముంది? అందుకే టైమర్.

టైమర్‌లో మాత్రం మళ్ళీ తప్పు చేశా. డెవలపర్ బుద్ధి, 10 నిమిషాలు చాలని నేనే సెట్ చేశా. మొదటి రాత్రే సగం లోడింగ్‌లో, చేతిలో బాక్సు ఉండగా లైట్లు ఆరిపోయాయి. నాయన ఫోన్ చేసి, "రేయ్, నీ లైటుకు నిద్ర వస్తా ఉండాదిరా" అన్నాడు. యాభై బాక్సులకు ఎంతసేపు పడుతుందో ఆయన్ని అడగనే లేదు. ముప్పావు గంట పడుతుందట. గంటకు మార్చా. స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే ఇంకో గంట.

కానీ ఈ ఫోన్ వచ్చినందుకు సంతోషించా. ఈసారి కంప్లైంట్ చేశాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే?

నాయన అడిగిన ప్రశ్న ఇది, మీరూ అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కాబట్టి మేం కొన్ని హద్దులు పెట్టుకున్నాం. బండి ఆగి ఉన్నప్పుడే లైట్లు. వెలుతురు బాడీ లోపలికే, వెనక వచ్చేవాళ్ళ కళ్ళల్లోకి కాదు. ఎరుపు, నీలం, మెరుపులు ఏవీ లేవు. కంపెనీ లైట్ల వైరింగ్‌ని ఎక్కడా కోయలేదు. ఎప్పుడైనా పీకేయాలంటే ఫ్యూజ్ తీసి, క్లాంపులు విప్పితే చాలు. మీ బండి వారంటీలో ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఫిట్‌నెస్‌కి వెళ్ళేముందు ఆర్టీఓ ఆఫీసులోనూ అడగండి.

ఫైనల్ వర్డిక్ట్

నచ్చినవి:
- రంగు నిజంగా కనపడుతుంది
- నీడలు, కళ్ళు చెదరడం లేవు
- తప్పు జరిగినా పోయేది ఒక ఫ్యూజే

నచ్చనివి:
- మొత్తం మీద ఒకటిన్నర రోజు పని
- ఆర్9 రాసి ఉన్న స్ట్రిప్ వెతకడం కష్టం
- ప్రెజర్ వాష్‌కి జాగ్రత్త తప్పదు

బడ్జెట్ తక్కువుంటే ఏం తగ్గించొచ్చు? టైమర్ తీసేయండి, స్విచ్ ఆపడం గుర్తుపెట్టుకోండి. స్ట్రిప్ పొడవు తగ్గించండి. మీకు రంగుతో పని లేకపోతే మామూలు సీఆర్ఐ స్ట్రిప్ కొనండి. ఫ్యూజ్, గ్రోమెట్, సరైన మందం వైరు, స్టెబిలైజర్ మాత్రం తగ్గించకండి. వైరు పని రాదనుకుంటే ఊళ్ళో ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. కానీ ఫ్యూజ్ ఎక్కడ పెట్టాడో పక్కనే నిలబడి చూడండి.

కొనేముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఆ లైటు కింద పని చేసే మనిషి పక్కన ఒక రాత్రి నిలబడండి. నేను మొదటిసారి అది చేయకుండా రివ్యూలు చదివా.

పోయిన శనివారం ఊళ్ళో ఉన్నా. రాత్రి లోడింగ్‌కి నేనూ నాలుగు బాక్సులు అందించా. నాయన ఫోన్ చొక్కా జేబులో ఉంది. పక్క తోట ఆయన వచ్చి, తన ట్రాక్టర్ ట్రాలీకి కూడా ఇట్లాంటివి పెట్టమని అడిగాడు. ట్రాలీకి సొంత బ్యాటరీ లేదు, ఇంజిన్ నుంచి వైరు తీసుకోవాలి, ట్రాలీ విప్పినప్పుడల్లా ఆ కనెక్టర్ ఊడాలి, మట్టిలో పడాలి, మళ్ళీ పని చేయాలి. అది ఇంకో ఆర్టికల్. ముందు ఆయన లోడింగ్ ఒక రాత్రి చూడాలి.